కాకి వెనక నుంచే వస్తుంది

విజయవాడ,
సత్యనారాయణపురం

అమ్మాయీ,

ఉప్పలపాడు పక్షుల చెరువు మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను, రెండోసారి చేతిలో పెన్సిల్ పట్టుకుని. ముందే చెప్తున్నా, గీతలు ఎక్కువే పడ్డాయి. బెంగపెట్టుకోకు. గుంటూరు నుంచి ఎండలో ఆ చెరువు దాకా అన్నిసార్లు వెళ్లొచ్చావంటేనే రాసే రోగం నీకు గట్టిగానే పట్టిందని తెలిసిపోయింది.

మొదటి పేజీలో పదకొండు విశేషణాలు లెక్కపెట్టాను. మనోహరం, అద్భుతం, ప్రకృతి మాత ఒడి, అన్నీ ఉన్నాయి. గూడబాతు, అదే పెలికాన్, మాత్రం రెండో పేజీకి గానీ రాలేదు.

ఏ పుస్తకం చదవమంటారని అడిగావు కదా. పుస్తకం సంగతి తర్వాత, ముందు ఒక సినిమా చూడు. 1963లో హిచ్‌కాక్ తీసిన ‘ది బర్డ్స్’. పక్షుల్ని ప్రేమించి రాసేదాన్ని, అవి మనుషుల్ని పొడిచే సినిమా నాకెందుకంటావేమో. సరే, ఒక్క సీన్ చూసి ఆపెయ్.

బడి బయట ఒకామె బెంచీ మీద కూర్చుని సిగరెట్ కాలుస్తుంటుంది. లోపల పిల్లలు పాట పాడుతున్నారు, ఎంతకీ అవ్వని పాట. ఆమె వీపు వెనక పిల్లలెక్కి ఆడుకునే ఇనప కమ్మీల చట్రం ఉంది. దాని మీద ఒక కాకి వాలుతుంది. కెమెరా ఆమె ముఖం మీదికి వస్తుంది. మళ్లీ చట్రం. ఇంకొన్ని కాకులు. మళ్లీ ఆమె. చివరికి ఆకాశంలో ఒంటరిగా ఎగురుతున్న కాకి ఆమె కంటపడుతుంది. దాని వెంటే చూపు తిప్పితే, అది వెళ్లి వాలేసరికి చట్రమంతా నల్లగా నిండిపోయి ఉంటుంది.

అంతే. ఒక్క కాకీ ఎవరినీ పొడవలేదు అక్కడ. అయినా నా అరచేతులు చెమటలు పట్టాయి. ఆయన కాకుల్ని భయంకరంగా చూపించలేదు, లెక్కపెట్టి చూపించాడు. మన సినిమాల్లో దెయ్యం గుమ్మం దాకా రాకముందే వయొలిన్లు మొదలవుతాయి కదా, ఇందులో నేపథ్య సంగీతమే లేదు. ఆస్కార్ సాలా అనే జర్మన్ ట్రౌటోనియం అనే కరెంటు వాయిద్యం మీద పుట్టించిన అరుపులు, రెక్కల చప్పుడు, మధ్యమధ్య నిశ్శబ్దం. నీ పదకొండు విశేషణాలూ ఆ వయొలిన్లే.

ఇది నాకూ ఆలస్యంగానే తెలిసింది. ఒక వేసవిలో డాబా మీద వడియాలు పెడుతుంటే కాకి వచ్చి నెత్తిన టపీమని తన్నింది. మా అత్తగారు తలకు నీళ్లు పోసుకుంటేగానీ లోపలికి రానివ్వలేదు. మర్నాడూ అంతే. నేనా, కోపంతో ‘పగబట్టిన కాకి’ అని ఒక వ్యాసం రాసి పత్రికకు పంపేశాను. అది అచ్చయింది కూడా, ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు. ఎందుకంటే, నాలుగో రోజు నీళ్ల ట్యాంకు నీడలో ఎగరడం రాని కాకి పిల్ల దొరికింది. నోరు తెరిస్తే లోపలంతా ఎర్రన. పగా లేదు, శనీ లేదు. ఇంకోటి కూడా అప్పుడే గమనించాను: నేను తిరిగి తల్లి కాకి కళ్లలోకి చూస్తున్నంతసేపూ అది పిట్టగోడ దాటి రాలేదు. వీపు తిప్పితేనే వచ్చేది. ఈ ఒక్క ముక్క ఆ వ్యాసంలో ఉండి ఉంటే చాలు కదా, పగ అన్న మాట అవసరమే ఉండేది కాదు.

సినిమాలో పక్షులు ఎందుకు అలా చేశాయో చివరిదాకా చెప్పరు. సినిమాకి అది చెల్లుతుంది, మనకి చెల్లదు. కాకపోతే కారణం తెలిసేదాకా మనం ఆగొచ్చు. 1961 ఆగస్టులో కాలిఫోర్నియాలో మాంటెరే అఖాతం ఒడ్డున, శాంతా క్రూజ్ దగ్గర, సూటీ షియర్‌వాటర్లనే సముద్రపక్షులు రాత్రివేళ ఇళ్లకు కొట్టుకుని పడిపోయాయి, మింగిన చేపల్ని కక్కుతూ. హిచ్‌కాక్ ఆ వార్త మీద ఆసక్తి చూపించాడు. కారణం ఎవరికీ తెలియలేదు. 1991లో అదే తీరంలో గూడబాతులు చచ్చిపోతే, ఒక రకం సూక్ష్మ నాచులో పుట్టే డొమోయిక్ ఆమ్లం నెత్తళ్లలో చేరి, వాటిని తిన్న పక్షుల నరాల్ని దెబ్బతీసిందని తేలింది. అప్పుడు 1961 మీద కూడా అనుమానం కలిగింది. ఆ ఏడాది దాచిపెట్టిన సముద్రపు నమూనాల్లో అలాంటి నాచు ఆనవాళ్లు దొరికేసరికి యాభై ఏళ్లు గడిచాయి. ఎవరో ఎందుకో సీసాల్లో దాచబట్టి కదా! నీ నోట్‌బుక్కు కూడా అలాంటి సీసా అనుకో. తేదీ, వేళ, గాలి ఎటు వీస్తోంది, ఎన్ని పక్షులు. కారణం తెలియకపోతే తెలియలేదనే రాయి.

సినిమాలో పక్షుల గురించి అన్నీ తెలిసిన ఒక పెద్దావిడ ఉంటుంది. వేరువేరు జాతుల పక్షులు కలిసి గుంపు కట్టవని హోటల్లో గట్టిగా వాదిస్తుంది. పాపం, ఆవిడ ఉప్పలపాడు చూడలేదు. అక్కడ గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ ఇరుగుపొరుగు తుమ్మచెట్ల మీదే కాపురాలు పెడతాయి. గూళ్లు కట్టడం వేరు, గుంపు కట్టడం వేరు అనుకో. అయినా నాకు నవ్వొచ్చింది.

వ్యాసం తిరిగి పంపుతున్నాను. నాలుగో పేజీలో, గూడబాతు పిల్ల తల్లి గొంతు సంచిలోకి తల మొత్తం దూర్చేసి తింటుంటే, దూరం నుంచి తల్లే పిల్లని మింగుతోందేమోనని గుండె ఝల్లుమన్నదని రాశావు. ఆ ఒక్క వాక్యం పక్కన టిక్కు పెట్టాను. దాంతో మొదలుపెట్టి మళ్లీ రాసి పంపు. ఈసారి వెళ్లినప్పుడు గొడుగు మర్చిపోకు, ఎండకి కాదు, రెట్టలకి.

మీ పిన్ని