జ్ఞానదంతం తీయించుకోవాలి, సూదంటే భయం: పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి సౌమ్యకు,

పెద్దమ్మ ఆశీస్సులు. మీ అమ్మ నిన్న ఫోనులో నీ పంటి సంగతంతా చెప్పింది. కింది దవడలో జ్ఞానదంతం అడ్డంగా పడి ముందున్న పన్నును నెడుతోందట, చిగురు మాటిమాటికీ వాస్తోందట, తీయించక తప్పదని డాక్టరు చెప్పారట. నువ్వేమో ఇంజెక్షన్ మాట వినగానే అపాయింట్‌మెంట్ వాయిదా వేస్తున్నావట. "నా మాట వినదు, నువ్వైనా నాలుగు తిట్టు అక్కా" అంది. తిట్టను. ఆపరేషన్ థియేటర్‌లో నర్సుగా పనిచేసినన్నాళ్లూ సూదికి భయపడేవాళ్లను చూస్తూనే ఉన్నాను. వాళ్లలో పోలీసులున్నారు, వ్యాయామశాలలు నడిపేవాళ్లున్నారు. భయం ఉండటంలో తప్పేమీ లేదు. దాన్ని డాక్టరుకు చెప్పకుండా పళ్లు బిగబట్టుకుని కుర్చీలో కూర్చోవడమే తెలివితక్కువ పని.

ముందు నీకు సూదిలో దేనికి భయమో తేల్చుకో. కొందరికి సూది కంటపడితే చాలు, ఒళ్లు చల్లబడుతుంది. కొందరు చూడగలరు గానీ గుచ్చే నొప్పిని ఓర్చుకోలేరు. కొందరు రక్తపరీక్షకు చెయ్యి చాచగానే కళ్లు తిరిగి పడిపోతారు. ఇంకొందరికి అసలు బాధ సూది కాదు. నోరు తెరిచి, మాట్లాడలేక, లేవలేక, మరొకరి చేతికింద పడి ఉండటం. వీటికి విరుగుడు ఒక్కటే కాదు. మీ తాతయ్య రక్తం చూస్తే ఎక్కడున్నవారు అక్కడే కూలబడేవారు. అలా పడిపోయే తత్వం కుటుంబాల్లో వస్తూ ఉంటుంది కాబట్టి నీదీ అదేనేమో ఆలోచించు.

ఇప్పుడు నీకు నచ్చని మాట ఒకటి ముందే చెప్పేస్తాను. ఏ రకం మత్తు ఎంచుకున్నా దవడలో తిమ్మిరి ఇంజెక్షన్ పడుతుంది. సెడేషన్ అంటే మనసును నెమ్మదింపజేసేది, నొప్పిని ఆపేది కాదు. నొప్పిని ఆపేది లిడోకైన్ అనే తిమ్మిరి మందు. దాన్ని దవడ లోపలివైపు నరం దగ్గర వదిలితే నాలుగైదు నిమిషాల్లో పెదవి సగం మొద్దుబారుతుంది, గంటల తరబడి అలాగే ఉంటుంది. పూర్తిగా నిద్రపుచ్చి తీసినా, రక్తం తక్కువ కారడానికీ లేచాక నొప్పి తెలియకుండా ఉండటానికీ సర్జన్లు మామూలుగా ఆ ఇంజెక్షన్ ఇస్తారు. కాకపోతే నీకు తెలియదు. కాబట్టి దిల్‌సుఖ్‌నగర్ నుంచి కూకట్‌పల్లి దాకా వీధివీధికీ వేలాడే "సూది లేకుండా, నొప్పి లేకుండా" బోర్డులు చూసి పరుగెత్తకు. ఆ సూది పడే వేళకు నువ్వు ఏ స్థితిలో ఉండాలి అన్నదే నువ్వు తేల్చుకోవలసింది.

అసలు ఆ ఇంజెక్షన్‌నే చాలావరకు తేలిక చేయవచ్చు. చిగురును దూదితో తుడిచి ఆరనిచ్చి, మొద్దుబారే జెల్ రాసి, ఒకటి రెండు నిమిషాలు ఆగాలి. తొందరలో రాసీ రాయగానే గుచ్చేవాళ్లున్నారు. అప్పుడు జెల్ రాసినా రాయకపోయినా ఒకటే. జెల్ పైపొరనే మొద్దుబారుస్తుంది, లోతుకు దిగదు. అయితే నొప్పిలో పెద్ద వాటా సూదిమొనది కాదు, మందును ఒక్కసారిగా లోపలికి తోయడం వల్ల కణజాలం సాగి వచ్చేది. అందుకే "దయచేసి నిదానంగా ఇవ్వండి" అని నోరు విప్పి అడుగు. మంచి డాక్టరు ఆ మాటకు నొచ్చుకోడు. సిరంజి నీ ముఖం ముందునుంచి రాకుండా గడ్డం కిందినుంచి అందుకోమని, బుగ్గను పట్టుకుని కాస్త కదుపుతూ గుచ్చమని కూడా అడగవచ్చు.

మరొకటి. లిడోకైన్‌లో మామూలుగా అడ్రినలిన్ కలుపుతారు, రక్తం కారడం తగ్గి తిమ్మిరి ఎక్కువసేపు నిలవడానికి. అది కొద్దిగా రక్తంలోకి పోయినా గుండె దడదడలాడి చేతులు వణుకుతాయి. రెండు మూడు నిమిషాల్లో తగ్గిపోతుంది. ఇది తెలియక "నాకు మందు పడలేదు, చచ్చిపోతున్నాను" అని కుర్చీలోంచి లేచి పరుగెత్తబోయిన వాళ్లను పట్టుకుని కూర్చోబెట్టాను. ముందే తెలిస్తే అంత గాభరా ఉండదు.

చిగురు వాచి, చీము పట్టి ఉన్నప్పుడు తిమ్మిరి మందు సరిగా పనిచేయదు. అప్పుడు పీకించుకుంటే నీ భయం నిజమవుతుంది. డాక్టరు మందులిచ్చి వాపు తగ్గనిచ్చి పిలుస్తారు. నొప్పి లేని ఆ రోజుల్లోనే నీకు "ఇప్పుడు బాగానే ఉందిగా" అనిపిస్తుంది. అదే వెళ్లవలసిన సమయం.

కళ్లు తిరిగేవాళ్లకు మత్తుకన్నా ముందు పనికొచ్చే ఉపాయం ఒకటుంది. సూది చూడగానే మొదట గుండె వేగం పెరిగి, ఆ వెంటనే బీపీ ధబాలున పడిపోవడం వల్ల స్పృహ తప్పుతుంది. కాబట్టి బీపీని పైకి లేపాలి. కాళ్లూ తొడలూ పొట్టా చేతులూ కండరాలన్నీ బిగించి, ముఖం వేడెక్కేదాకా పది పదిహేను సెకన్లు పట్టి ఉంచు. తర్వాత వదిలి అర నిమిషం ఊపిరి తీసుకో. ఇలా ఐదుసార్లు. వారం రోజులు ఇంట్లో కూర్చుని అలవాటు చేసుకో, ఆ రోజు కుర్చీని వెనక్కి వాల్చమని చెప్పి అక్కడా చెయ్యి. చేతికి సూది గుచ్చుతుంటే ఆ చెయ్యి మాత్రం వదులుగా ఉంచు. "గట్టిగా ఊపిరి పీల్చుకుని రిలాక్స్ అవ్వండి" అని అందరికీ చెప్పే సలహా ఈ రకం వాళ్లకు తలకిందులుగా పనిచేస్తుంది. కండరాలు సడలితే బీపీ ఇంకా పడుతుంది.

ఇక మత్తుల సంగతి. నీలాంటివాళ్లకు నేను మొదట చెప్పేది లాఫింగ్ గ్యాస్, అంటే నైట్రస్ ఆక్సైడ్. ముక్కు మీద చిన్న మాస్కు పెట్టి ఆక్సిజన్‌తో కలిపి ఇస్తారు. సూదితో పని లేదు. కొద్ది నిమిషాల్లో చేతివేళ్లలో చిమచిమ, ఒళ్లంతా తేలికైనట్టు, పక్కగదిలో ఎవరో మాట్లాడుతున్నట్టు ఉంటుంది. మెలకువగానే ఉంటావు, చెప్పింది వింటావు, కానీ పట్టించుకోవు. ఆ స్థితిలో జెల్ రాసి సూది వేస్తే చాలామందికి అది ఎప్పుడు పడిందో గుర్తుండదు. అయ్యాక ఐదు నిమిషాలు వట్టి ఆక్సిజన్ ఇస్తే దిగిపోతుంది. 1844లో అమెరికాలో హొరేస్ వెల్స్ అనే పళ్ల డాక్టరు ఈ గ్యాస్ పీల్చి తన పన్నే పీకించుకుని చూశాడు. దీనికున్న ముఖ్యమైన చిక్కు: జలుబుతో ముక్కు మూసుకుపోతే పనిచేయదు. గర్భం తొలి నెలల్లో, బీ12 బాగా తక్కువగా ఉన్నప్పుడు వద్దంటారు. ఆ గ్యాస్ ప్రతి క్లినిక్‌లోనూ ఉండదు కాబట్టి ఫోను చేసి అడిగాకే బయలుదేరు.

మత్తు మాత్ర అయితే డాక్టరు రాసిందే, చెప్పిన సమయానికే. మీ హాస్టల్‌లో ఎవరో నిద్రకు వాడే అల్ప్రజోలమ్ అడిగి తెచ్చుకుని మింగే పని మాత్రం చేయకు. మాత్ర ఒకరికి చాలకపోతుంది, మరొకరిని సాయంత్రందాకా పడుకోబెడుతుంది. మింగాక తగ్గించడానికీ పెంచడానికీ ఎవరి చేతుల్లోనూ ఉండదు. అయినా ముందురోజు రాత్రి నిద్ర పట్టనివాళ్లకు ఒక మాత్ర మేలు చేస్తుంది. ముక్కులో కొట్టే మిడజోలమ్ అనే మత్తుమందు స్ప్రే కూడా ఉంది, ఎక్కువగా పిల్లలకు వాడతారు. కాస్త మంట పుడుతుంది, చేదుగా గొంతులోకి దిగుతుంది, కానీ సూది లేదు.

ఏమీ గుర్తుండకూడదు అనుకుంటే నరంలోకి, అంటే చేతి రక్తనాళంలోకి, ఇచ్చే మత్తు. మిడజోలమ్ ఎక్కిన రెండు మూడు నిమిషాల్లో కళ్లు మూతపడతాయి. పిలిస్తే పలుకుతావు, నోరు తెరవమంటే తెరుస్తావు, తర్వాత అడిగితే ఏదీ చెప్పలేవు. "ఇంకా మొదలుపెట్టలేదా?" అని లేచి అడిగేవాళ్లే ఎక్కువ. కానీ దీనికి చేతిమీద కాన్యులా, అంటే మందు ఎక్కించే సన్నటి గొట్టం, సూదితో వేయాలి. సూదికి భయపడేవాళ్లకు సూదితోనే మత్తు, ఎంత చోద్యమో చూడు. దీనికీ దారి ఉంది. లిడోకైన్, ప్రిలోకైన్ కలిసిన క్రీమును గంట ముందు చేతిమీద మందంగా రాసి పైన ప్లాస్టిక్ పొర కప్పితే చర్మం మొద్దుబారుతుంది. గ్యాస్ ఉన్నచోట ముందు గ్యాస్ ఇచ్చి, తర్వాత కాన్యులా వేస్తారు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: సూది లోపల ఉండిపోదు. అది నరానికి దారి చూపి బయటికి వచ్చేస్తుంది, లోపల మిగిలేది మెత్తటి ప్లాస్టిక్ గొట్టం. ఈ ముక్క చెబితే సగం భయం వదిలినవాళ్లను చూశాను.

ఈ రకం మత్తు ఇస్తున్నప్పుడు శ్వాస మందగించవచ్చు. అందుకే మత్తు డాక్టరు వేరుగా ఉండాలి, వేలికి పల్స్ ఆక్సీమీటర్ ఉండాలి, ఆక్సిజన్ సిద్ధంగా ఉండాలి. పన్ను తీసేవారే మత్తు కూడా ఇచ్చి, రెండూ తానే చూసుకుంటానంటే నేనైతే లేచి వచ్చేస్తాను. ఈ విషయం మన ఊరు ఎప్పుడో తలకెత్తుకుంది. 1888, 1889లలో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఖర్చుతో, అప్పటి మత్తుమందు క్లోరోఫామ్ ఎంత క్షేమమో పరీక్షించే హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్లు జరిగాయి. హైదరాబాద్ మెడికల్ స్కూల్‌ను నడిపిన ఎడ్వర్డ్ లారీ, క్లోరోఫామ్‌తో ఆగేది ఊపిరే, గుండె కాదు, కాబట్టి ఊపిరిని కనిపెట్టుకుని ఉంటే చాలని వాదించాడు. గుండె కూడా ఆగవచ్చని తర్వాత తేలింది. ఆ స్కూల్‌లో చదివిన రూపాబాయి ఫర్దూన్జీని ప్రపంచంలో మొట్టమొదటి మహిళా మత్తు డాక్టరుగా చెప్పుకుంటారు. అఫ్జల్‌గంజ్ మీదుగా ఉస్మానియా ఆసుపత్రి పక్కనుంచి వెళ్లినప్పుడల్లా నాకు ఆమే గుర్తొస్తుంది. సరే, నా పాత ముచ్చట్లు ఆపుతాను. ఇప్పుడు ఊపిరీ గుండే రెండూ చూస్తారు, నువ్వు కూడా రెండూ చూస్తారా అని అడుగు.

పూర్తి నిద్ర, అంటే జనరల్ అనస్థీషియా, ఒక్క పన్నుకు నేను చెప్పను. నాలుగు జ్ఞానదంతాలూ ఎముకలో లోతుగా ఉండి ఒకేసారి తీయాలంటే, లేదా మిగతావేవీ పనిచేయవని తేలితే అప్పుడు ఆసుపత్రిలో. ఖర్చు ఎక్కువ, ముందు పరీక్షలు ఎక్కువ, వాటిలో రక్తపరీక్ష సూది కూడా ఉంటుంది.

నీకు నా మాట: గ్యాస్, జెల్, నిదానంగా ఇచ్చే ఇంజెక్షన్. ఆ మూడింటితో అయ్యేలా లేదని నీకే అనిపిస్తే నరంలోకి మత్తు. డాక్టరును కలవడానికి వెళ్లినప్పుడు ఓపీజీ, అంటే పళ్లూ దవడలూ మొత్తం కనిపించే ఎక్స్‌రే, తీసుకెళ్లు. నీకున్న ఆస్తమా, వాడే థైరాయిడ్ మాత్ర, నిద్రలో గురక, ఎప్పుడైనా స్పృహ తప్పిందా, ఇవన్నీ అడగకముందే చెప్పు. సెడేషన్ ఉందా, ఎవరిస్తారు, మొత్తం ఎంతవుతుంది అని నువ్వూ అడుగు. ప్రైవేటు ఖర్చు ఎక్కువనిపిస్తే అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. అక్కడ రద్దీ ఉంటుంది, పొద్దున్నే వెళ్లి సెడేషన్ సంగతి కనుక్కో.

నరంలోకి మత్తయితే ఆరు గంటల ముందు నుంచి తినకూడదు, రెండు గంటల ముందు నుంచి నీళ్లు కూడా తాగకూడదు. ఆ రోజూ మర్నాడు ఆ వేళదాకా స్కూటీ ముట్టుకోకు, ఆఫీసు కాగితాల మీద సంతకాలు పెట్టకు. క్యాబ్‌లో ఒంటరిగా రావడం కూడా కుదరదు, పక్కన మనిషి ఉంటేనే పంపిస్తారు. పెదవి తిమ్మిరి వదిలేదాకా ఏమీ నమలకు. మొద్దుబారిన పెదవిని కొరుక్కుని పుండు చేసుకునేవాళ్లు బోలెడు. పన్ను తీసిన చోట పెట్టిన గాజ్ గుడ్డను అరగంటపైన కొరికి పట్టుకో, ఉమ్మకు, స్ట్రాతో తాగకు. మొదటి రోజు చల్లారిన రాగిజావ, పెరుగన్నం. ఇరానీ చాయ్ మర్నాటికి వాయిదా. ఉప్పునీళ్ల పుక్కిలింత కూడా మర్నాటి నుంచే.

వాపు రెండో మూడో రోజున ఎక్కువగా ఉంటుంది. శుక్రవారం కాకుండా గురువారం పెట్టించుకుంటే, ముఖం ఉబ్బిన రోజులు శని ఆదివారాల్లో పడతాయి, ఆఫీసులో సెలవు మిగులుతుంది. తేదీ ఖాయమయ్యాక నాకు ఫోను చెయ్యి. గురువారాలు నేను ఖాళీయే, నీ వెంట నేనే వస్తాను.

ఇట్లు,
పెద్దమ్మ