మా ఊరి పొలిమేరే రాష్ట్ర సరిహద్దు అయింది

"సరిహద్దులు ఎలా ఏర్పడతాయి? నదులు, కొండలు, భాషలేనా కారణం? అసలు వాటి వల్ల ఉపయోగం ఏమిటి?" అని అడిగారు. మాది భద్రాచలాన్ని ఆనుకుని, ఎటపాక వైపు ఉన్న ఊరు. ఇల్లు ఆంధ్రాలో, నాన్న కొట్టు తెలంగాణలో. సైకిల్ మీద పది నిమిషాల దారి. పుస్తకాల జవాబు వేరేవాళ్లు చెబుతారు, నేను చూసింది చెప్తాను.

ముందు నది సంగతి. భద్రాచలం ఒకప్పుడు నిజాం ఏలుబడిలో ఉండేది. 1860 ఒప్పందంలో గోదావరి ఎడమ గట్టు తాలూకాలు ఇంగ్లీషువాళ్ల చేతికొచ్చాయి. నదిలో సరుకు పడవలు సుంకం లేకుండా తిరగాలన్నది వాళ్ల పట్టు. అంటే గోదావరి అడ్డుగా ఉందని సరిహద్దు కాలేదు, దారిగా పనికొస్తుందని అయింది. 1874లో మమ్మల్ని మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో కలిపారు. మా తాతయ్య చిన్నప్పుడు అవతలి ఒడ్డున పడవ దిగితే కరోడ్‌గిరి (నిజాం సుంకం శాఖ) వాళ్లు బెల్లం మూట కూడా విప్పి చూసేవారట. ఇక్కడి రూపాయి వేరు, అక్కడ చెల్లే నిజాం నాణెం హాలీ సిక్కా వేరు. రెండు ఒడ్డులా మాట్లాడేది మాత్రం తెలుగూ, కోయ భాషా. అందుకే భాష సరిహద్దు గీస్తుందన్న మాట మా దగ్గర నిలబడదు.

1956లో రెండు ఒడ్డులూ ఒకే రాష్ట్రమయ్యాయి. 1959లో భద్రాచలం డివిజన్‌ను తూర్పు గోదావరి నుంచి తీసి ఖమ్మం జిల్లాలో కలిపారు. 1965లో వంతెన వచ్చింది. దాదాపు వందేళ్లు రెండు రాజ్యాల మధ్య గీతగా ఉన్న గోదావరి, మా నాన్న బడికి వెళ్లే రోజులకి బస్సు కిటికీలోంచి చిల్లర డబ్బులు విసిరి దణ్ణం పెట్టుకునే నది అయిపోయింది.

ఇక 2014లో తెలంగాణ విడిపోయింది. పోలవరం ప్రాజెక్టు ముంపు ప్రాంతమంతా ఒకే రాష్ట్రంలో ఉంటే భూసేకరణ, పునరావాసం తేలికవుతాయని ఖమ్మం జిల్లా మండలాలు కొన్ని ఆంధ్రాకి ఇచ్చారు. చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం, కుక్కునూరు, వేలేరుపాడు, బూర్గంపాడు మండలంలో కొన్ని గ్రామాలు. చివరిగా భద్రాచలం మండలం, "భద్రాచలం రెవెన్యూ గ్రామం మినహా". చట్టంలో ఉన్న ఆ ఒక్క ముక్కతోనే మా జీవితాలు మారాయి. రాముడి గుడి ఉన్న పట్నం తెలంగాణలో ఉండిపోయింది, దాని చుట్టూ ఉన్న ఊళ్లు ఆంధ్రాకి వెళ్లాయి.

నాకు ఇక్కడే అసలు విషయం కనిపిస్తుంది. ఎవరూ వచ్చి కొత్తగా గీత గీయలేదు. రెవెన్యూ గ్రామం పొలిమేర ఎప్పుడో శిస్తు లెక్కల కోసం సర్వే చేసి రాళ్లు పాతినది. ఏ పొలం ఏ ఊరి లెక్కలోకి వస్తుందో కరణానికి తెలిస్తే చాలు, దాని పని అయిపోయినట్టే. ఆ గీతనే తీసి రాష్ట్ర సరిహద్దు చేశారు. శిస్తు కోసం పాతిన రాయి ఇప్పుడు పెట్రోలు ధర, మందు ధర, రేషన్ కార్డు, హైకోర్టు అన్నీ తేలుస్తోంది.

ఉపయోగం ఏమిటన్నారు. మా అనుభవంలో, ఏ కాగితం మీద ఎవరు సంతకం పెట్టాలో తేల్చడం. మా తమ్ముడు పుట్టినప్పటి నుంచి ఇంట్లోనే ఉన్నాడు, చదివింది మాత్రం భద్రాచలం బళ్లో. ఇంటర్ అయ్యాక లోకలా, నాన్ లోకలా అని రెండు నెలలు టెన్షన్. జిల్లా కేంద్రం ఖమ్మం కాస్తా కాకినాడ అయింది, 2022లో అది పాడేరు అయింది. ఒక సర్టిఫికెట్ పనికి రోజంతా బస్సులోనే గడిచేది. గుడి బాధ ఇంకో రకం. దేవస్థానం తెలంగాణలో ఉంది, దాని భూములు దాదాపు 890 ఎకరాలు ఆంధ్రాలోని పురుషోత్తపట్నంలో ఉన్నాయి. పట్నంలో చెత్త పోయడానికి కూడా జాగా మిగల్లేదు. చర్ల వెళ్లాలంటే తెలంగాణ నుంచి తెలంగాణకే, మధ్యలో కాసేపు ఆంధ్రా.

2020 లాక్‌డౌన్‌లో రోడ్డు మీద బారికేడ్ పెట్టాక సరిహద్దు మొదటిసారి కళ్లకు కనిపించింది. మా అమ్మమ్మ పట్నంలో ఉండేది. అమ్మ రోజూ పొద్దున్నే పాల క్యాన్ పట్టుకెళ్లి బారికేడ్ దగ్గర నిలబడేది, మావయ్య అటు నుంచి వచ్చి అందుకునేవాడు. ఖాళీ క్యాన్ మర్నాడు తిరిగొచ్చేది. దాని మూతకి గుడ్డ చుట్టి, అందులో అమ్మమ్మ నాలుగు సున్నుండలు కట్టి పంపేది. ఇంటి నుంచి ఇంటికి కిలోమీటరున్నర ఉంటుందేమో!

2022 జూలైలో గోదావరి 71 అడుగులు దాటినప్పుడు మాత్రం పొలిమేర రాళ్లు రెండు వైపులా ఒకేలా మునిగాయి. నీళ్లు తీశాక సాయం కోసం ఎవరి ప్రభుత్వం లైన్లో వాళ్లం నిలబడ్డాం.

మా బాబాయికి గట్టుకి ఇటు రెండెకరాలు, అటు ఎకరం. పాస్‌బుక్కులు రెండు. వడ్లు అమ్మేటప్పుడు ఏ బస్తా ఏ పొలంలోదో కాగితం చూపించాలి, ఒకే రకం వడ్లే అయినా. మొన్న ఆ గట్టు మీద అన్నం తింటుంటే "ఏ రాష్ట్రంలో తింటున్నావు బాబాయ్?" అని అడిగాను. "క్యారేజీ ఇటుంది, నీళ్ల సీసా అటుంది, నువ్వే చూసి చెప్పు" అన్నాడు.