గుంటూరులో ఓడెక్కడిదండీ?

"బిల్స్ ఆఫ్ లేడింగ్ చట్టం 2025 వల్ల ఎగుమతిదారులకు నిజంగా ఏమైనా ఒరిగిందా?" అని ఒకరు అడిగారు. బిల్ ఆఫ్ లేడింగ్ (బీఎల్) అంటే సరుకు ఓడకెక్కిందని షిప్పింగ్ లైన్, అంటే ఓడల కంపెనీ, ఇచ్చే కాగితం. నన్నడిగితే పెద్దగా ఏమీ లేదు. పదకొండేళ్లుగా గుంటూరు నుంచి మిర్చి పంపుతున్నాను, ఆ దెబ్బలు తిన్నాకే చెబుతున్నాను.

కోవిడ్‌కి ముందు సంగతి. తేజా రకం మిరపకాయ, నలభై అడుగుల కంటైనర్, చెన్నైలో ఎక్కించి కొలంబో పంపాం. ఓడ మూడు రోజుల్లో చేరిపోయింది. బీఎల్ ఒరిజినల్స్ మూడూ మాత్రం బ్యాంకు నుంచి కొరియర్‌లో బయల్దేరి మాయమయ్యాయి. అవతలి పార్టీ డబ్బు పట్టుకుని కూర్చున్నాడు. కాగితం లేనిదే షిప్పింగ్ లైన్ సరుకు వదలదు.

డూప్లికేట్ సెట్ కావాలంటే పోలీసు ఫిర్యాదు నకలు, పేపర్లో ప్రకటన, స్టాంపు పేపరు మీద హామీపత్రం, సరుకు విలువకు మించి బ్యాంక్ గ్యారంటీ తెమ్మన్నారు. స్టేషన్‌కి వెళ్తే హెడ్ కానిస్టేబుల్ గారు "ఏం బిల్లండీ, కరెంటుదా?" అన్నారు. ఓడలో వేసిన సరుకు తాలూకు కాగితం అన్నాను. పెన్ను పక్కన పెట్టి, "గుంటూరులో ఓడెక్కడిదండీ?" అన్నారు. పాపం, ఆయన తప్పేముంది! చివరికి "ఓడ కాగితములు పోయినవి" అని రాసి ముద్ర గుద్దారు.

పద్దెనిమిదో రోజున కవరు వేరే ఊరి కొరియర్ గోడౌన్లో దొరికింది. ఈలోగా కంటైనర్ ఆలస్యానికి కట్టే డెమరేజ్, డిటెన్షన్ రుసుములు కలిపి లక్షా ఎనభై వేలు. పెట్టెలో మగ్గి రంగు దిగిందని పార్టీ రేటూ కోశాడు. కొరియర్ వాళ్ల పరిహారం సంగతి రసీదు వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది, ఓపికుంటే చదువుకోండి.

అసలు మూడు ఒరిజినల్స్ ఎందుకో తెలుసా? తెరచాప ఓడల కాలంలో ఒక్కో ప్రతిని ఒక్కో దారిన పంపేవారు, ఒకటి మునిగినా ఇంకోటి చేరుతుందని. మనం మూడూ ఒకే కవర్లో పెడుతున్నాం!

ఇక చట్టం. పాతది 1856 నాటిది, సిపాయిల తిరుగుబాటుకు ఏడాది ముందు కంపెనీ దొరలు చేసింది. 2025 జులైలో వచ్చిన కొత్తది ఆ నిబంధనల్నే తేట భాషలో మళ్లీ రాసి, కేంద్రం ఆదేశాలివ్వొచ్చని ఓ ముక్క చేర్చింది. మనవాళ్లు నకలు కొట్టిన 1855 చట్టాన్ని బ్రిటన్ 1992లోనే తీసేసింది. 2023 సెప్టెంబర్ 20 నుంచి అక్కడ ఎలక్ట్రానిక్ బీఎల్‌కి కాగితంతో సమాన హోదా. సింగపూర్ 2021లోనే చేసింది. మన చట్టంలో ఆ మాట సూటిగా లేదు. నాకు కావాల్సింది అదొక్కటే.

మొన్న బ్యాంకులో రెండు ఒరిజినల్స్ ఒక కొరియర్‌లో, మూడోది ఇంకో దాంట్లో పంపమన్నాను. "సెట్ విడగొట్టకూడదు సార్" అని అక్కడి గుమాస్తా మూడూ కలిపి పిన్ను కొట్టేశాడు.