మా నాటిక వాటర్ ట్యాంకు మీద నుంచి ఆడింది

ప్రశ్న: కరోనా ఆంక్షల రోజుల్లో మీ బడిలో నాటకాలు ఎలా నడిపారు? మళ్లీ అలాంటి పరిస్థితి వస్తే జూమ్‌లో ఆడించడం సాధ్యమేనా?

సాధ్యం కాదు. ఆడించామని చెప్పుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. మొదట్లో నేనూ ఆ బాపతే. ఒక నెల తంటాలు పడ్డాక చెబుతున్న మాట ఇది.

గుంటూరు వైపు ఒక పల్లెటూళ్లో జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెబుతాను. ఏటా ఆగస్టు 29న, గిడుగు రామమూర్తి గారి జయంతి, అంటే తెలుగు భాషా దినోత్సవం రోజున, పిల్లల చేత ఒక నాటిక వేయించడం నాకు అలవాటు. పదకొండేళ్లు తప్పలేదు. 2020 మార్చిలో బడులు మూతపడ్డాయి, జూన్‌లో పదో తరగతి పరీక్షలే రద్దయ్యాయి. ఇక నాటిక ఎవరికి గుర్తుంటుంది? జూలైలో ఒకరోజు తొమ్మిది పాసైన అమ్మాయి ఫోన్ చేసి, "మాస్టారూ, ఈసారి నాటిక లేదా? నేను ప్రాంప్టింగ్ చేస్తానని చెప్పారుగా" అంది. చెప్పాను, నిజమే. వేషం ఇస్తానంటే వద్దని, తెర వెనక నిలబడి మాట అందిస్తానని అడిగిన పిల్ల నా సర్వీసులో ఆవిడొక్కతే.

సరే, జూమ్. అన్నదమ్ముల గట్టు తగాదా మీద ఎనిమిది పాత్రలతో నాటిక నేనే రాశాను. ఆ ఎనిమిది మందిలో స్మార్ట్ ఫోన్ ఉన్నది ముగ్గురి ఇళ్లలో. ఆ మూడూ నాన్నల ఫోన్లే. నాన్న పొలం నుంచి వస్తే రిహార్సల్, రాకపోతే లేదు. ఉన్నవాళ్లయినా సిగ్నల్ కోసం డాబా ఎక్కాలి. డాబా ఎక్కితే పక్కింటివాళ్లు చూస్తున్నారని గొంతు పెగలదు. నలభై నిమిషాలకు జూమ్ తనంతట తనే కట్ అయిపోతుంది. మళ్లీ అందరూ చేరేసరికి ఒకడికి డేటా అయిపోతుంది.

అవన్నీ భరించవచ్చు. అసలు కష్టం వేరు. తగాదా అంటే ఇద్దరూ ఒకేసారి అరవాలి కదా? జూమ్‌లో ఒకడి గొంతు లేస్తే ఇంకొకడిది పడిపోతుంది. అన్న తిట్టడం పూర్తయ్యేదాకా తమ్ముడు చేతులు కట్టుకుని ఆగి, తర్వాత తిట్టాలి. అదేం తగాదా? వినతిపత్రం చదివినట్టుంది. ఇక వాన సంగతి. తల్లి వేషం వేసే అమ్మాయి తమ్ముడు, ఏడేళ్ల వాడు, చేటలో బియ్యం పోసి అటూ ఇటూ జారిస్తే అచ్చం వానే. ఇంట్లో విన్నవాళ్లకు బాగానే ఉందట. నాకు మాత్రం తెర మీద వాడు చేట ఊపడం కనిపిస్తోంది, చప్పుడు లేదు. అదేపనిగా ఒకే తీరున వచ్చే శబ్దాన్ని రొద అనుకుని ఆ యాప్ వడకట్టేస్తుందని తర్వాత తెలిసింది. ఫ్యాన్ మోత తీసేయడానికి పెట్టిన ఏర్పాటు మా వానను మింగేసింది. దానికి 'ఒరిజినల్ సౌండ్' అని ఏదో ఆప్షన్ ఉందని మా లెక్కల మాస్టారు చెప్పేసరికి నాకు జూమ్ మీద విరక్తి పుట్టేసింది.

ఆ రోజుల్లో ఆన్‌లైన్ నాటక పోటీలని కూడా తెగ నడిచాయి. ఒక్కొక్కరు ఇంట్లో గోడ ముందు నిలబడి డైలాగ్ చెప్పి వీడియో పంపడం, ఎవరో వాటిని అతికించడం, పాల్గొన్న ప్రతివాడికీ ప్రశంసాపత్రం. పిల్లలకు ఆ పనితనం లేదని కాదు. టిక్‌టాక్‌ను జూన్ చివర్లో నిషేధించేనాటికే మా ఊళ్లో ఎనిమిదో తరగతి వాడు నాకన్నా బాగా ఎడిటింగ్ చేస్తున్నాడు. కానీ గోడకు డైలాగ్ చెబితే అది నాటకం కాదు. ఎదుటివాడి మాట చెవిన పడి, ఆ మాటకు ఒళ్లు మండి, మన మాట రావాలి. నాటక పరిషత్తులు పెట్టే పోటీల్లో నాలుగేళ్లు చిన్నాచితకా వేషాలు వేసిన అనుభవంతో చెబుతున్నా, నాటకంలో సగం వినడమే. వీడియోలో కనబడటం ఒక్కటే ఉంది, వినడం లేదు.

వాట్సాప్ కాల్ అనుకున్నాం. అప్పటికి అందులో ఎనిమిది మందికి చోటిచ్చారు. కానీ మా ప్రాంప్టర్ ఇంట్లో ఉన్నది బటన్ ఫోన్. ఆ పిల్ల లేకుండా నాటిక నడవదు. అందుకని మామూలు కాన్ఫరెన్స్ కాల్‌కు దిగాం. నా ఫోన్ నుంచి ఐదుగురిని కలపవచ్చు. ఎనిమిది పాత్రల్ని నాలుగుకు కోశాను: అన్న, తమ్ముడు, తల్లి, మధ్యవర్తి. ఐదో గొంతు మాట అందించేది. కోశాక నాటిక బాగుపడింది. ఇది మాత్రం కరోనా పుణ్యమే. తీసేసిన నలుగురూ వేదిక మీద నిలబడి తలలూపడానికి తప్ప ఎందుకూ లేరు.

రోజూ సాయంత్రం ఏడింటికి అరగంట. ఫోన్‌లో అందరూ ఒకేసారి అరవవచ్చు, అరిచారు. వాన కూడా వినిపించింది, కాకపోతే పోపు చిటపటలాడినట్టు. ప్రాంప్టర్ ఇల్లు ఊరి చివర. గేదెల పాకలో కూర్చుని మాట్లాడేది. మధ్యమధ్యలో గేదె అరుపు. మొదట విసుక్కున్నాను. తర్వాత అదే ఉంచేశాను. గట్టు తగాదాలో గేదె ఉండటంలో తప్పేముంది?

ఇంతకీ దీన్ని వినేదెవరు? మా పంచాయతీ ఆఫీసు మైకు గొట్టాలు వాటర్ ట్యాంకు మీద నాలుగు దిక్కులకూ కట్టి ఉంటాయి. పొద్దునా సాయంత్రం మాస్కు పెట్టుకోండి, గుంపులుగా తిరగొద్దు అని అందులోనే చెప్పేవారు. రాష్ట్రంలో రోజుకు పదివేల కేసుల దాకా వస్తున్న రోజులవి. రచ్చబండ మీద కాకి కూడా కూర్చోవడం లేదు. ఎవరి అరుగు మీద వాళ్లు, ఊరంతా బిక్కుబిక్కుమంటోంది. అప్పటికి సర్పంచులు లేరు, పంచాయతీ ఎన్నికలు 2021లోగానీ జరగలేదు కాబట్టి కార్యదర్శి గారినే అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, "ఇరవై నిమిషాలే కదా? పాటలు పెట్టరుగా?" అన్నారు. అంతే, అనుమతి.

ఆగస్టు 29, శనివారం, రాత్రి ఏడున్నర. పంచాయతీ ఆఫీసులో నేనొక్కణ్నే. టేబుల్ మీద స్టీలు గ్లాసు, గ్లాసులో నా ఫోన్ స్పీకర్ ఆన్ చేసి, ఎదురుగా మైకు. పిల్లలు ఎవరిళ్లలో వాళ్లు. తల్లి మొదటి మాట బ్రహ్మాండంగా వెళ్లింది. అన్న నోరు తెరిచాడో లేదో, కూ... అని ఊరంతా చెవులు మూసుకునేంత మోత. వాడి ఇల్లు సరిగ్గా ట్యాంకు వెనకాలే. వాడి గొంతు గొట్టంలోంచి వచ్చి, వాడి ఫోన్లోనే మళ్లీ దూరి, మళ్లీ గొట్టంలోంచి వస్తోంది. మైకు ఆపేసి, "లోపలి గదిలోకి పోయి తలుపేసుకోరా" అన్నాను. తలుపేసుకున్నా ఆగలేదు. చివరికి వాళ్లమ్మ వాడి మీద బొంత కప్పేసింది. ఆగస్టు ఉక్కలో, బొంత కింద, ఇరవై నిమిషాలు అన్న వేషం కట్టాడు పాపం. గొంతులో నిజమైన చిరాకు పలికిందని అందరూ మెచ్చుకున్నారు.

మోత ఆగింది, నాటిక నడుస్తోంది. మధ్యవర్తి వచ్చాడు, గట్టు ఎవరు జరిపారని అడిగాడు. తమ్ముడు చెప్పాలి: "గట్టు జరిపింది నేను కాదన్నయ్యా, మొన్నటి వరద." నాటిక అంతా ఆ మాట మీదే తిరుగుతుంది. తమ్ముడు మాట్లాడడు. మర్చిపోయాడు. ప్రాంప్టర్ గుసగుసగా, "గట్టు... గట్టు..." అంది. ఇక్కడ నేను చేసిన బుద్ధితక్కువ పని ఏమిటంటే, ఆ పిల్ల గొంతు కూడా అదే కాల్‌లో ఉందని, అదీ మైకులోకి పోతుందని నెల రోజుల్లో ఒక్కసారీ ఆలోచించలేదు. తెర వెనక గుసగుస మొదటి వరసకైనా వినబడదు. ఇక్కడ నాలుగు గొట్టాల్లో, ఊరి నాలుగు దిక్కులకూ, "గట్టు... గట్టు..." వాడు ఇంకా మౌనం. వెనక గేదె అరిచింది. పిల్లకు ఒళ్లు మండి, "గట్టు జరిపింది నేను కాదని చెప్పరా బాబూ!" అని గట్టిగానే అనేసింది. వాడు బెదిరిపోయి, "ఆఁ, అదే. నేను కాదు" అన్నాడు.

ఆఫీసు కిటికీలోంచి నాకు వినిపించిన నవ్వు గురించి ఎలా చెప్పను. ఒక చోటి నుంచి కాదు. బజారు వైపు నుంచి కొంత, చెరువు వైపు నుంచి కొంత, ఎవరి అరుగు మీద నుంచి వాళ్లు. ఐదు నెలలుగా ఆ ఊరు కలిసి నవ్వింది లేదు. అందరూ ఒకచోట కూర్చుంటేనే ప్రేక్షకులు అని పుస్తకాల్లో రాసేవాళ్లు ఆ రాత్రి మా ఊరు వచ్చి ఉండాల్సింది.

మర్నాడు మజ్జిగ పోసే ముసలామె గుమ్మం బయటే ఆగి, "మాస్టారూ, ఆ చెప్పరా బాబూ అన్న పిల్ల మళ్లీ ఎప్పుడు చెబుద్ది?" అని అడిగింది. అన్న గురించి అడగలేదు, నేను రాసిన ముగింపు గురించి అస్సలు అడగలేదు. ఏదైనా తప్పు బయటపడితే "ఆఁ, అదే. నేను కాదు" అనడం మా ఊళ్లో ఇప్పటికీ ఉంది. ఆ కుర్రాడు ఇప్పుడు బీటెక్. సెలవులకు వస్తే పాపం వాడి ముందే అంటారు.

నన్నడిగితే బడి నాటకానికి కావాల్సింది స్టేజీ కాదు, తెర కాదు, మేకప్ కిట్ అంతకన్నా కాదు. రేడియో నాటకం విని పెరిగిన తరం మాది. విజయవాడ ఆకాశవాణిలో నాటకం వస్తుంటే మా నాన్న అన్నం కలుపుతున్న చెయ్యి ఆపేసేవాడు. ఇప్పుడు వార్షికోత్సవం అంటే సినిమా పాటకు అద్దె డ్రెస్సులేసి గెంతించడమే. ఆ డ్రెస్సుల అద్దెకు పెట్టే డబ్బుతో పదేళ్లు నాటికలు ఆడించవచ్చు. నాటకం చదువుకు అడ్డమనే హెడ్మాస్టర్లు కూడా ఉన్నారు. 1880లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు నాటకం ఆడించింది ఎవరి చేతననుకున్నారు? తన విద్యార్థుల చేతే. బడి పిల్లలతో మొదలైన దాన్ని బడిలోనే వద్దంటే ఎలా?

నవంబర్ 2న తొమ్మిది, పది తరగతులకు బడి తెరిచారు. గదికి పదహారు మంది, మధ్యాహ్నం దాకానే. అదే నాటికను వేపచెట్టు కింద మాస్కులతో వేశాం. మధ్యవర్తి తన మాస్కు మీద మార్కర్‌తో మీసాలు గీసుకొచ్చాడు. మాస్కు ఉంటే ఎవరు మాట్లాడుతున్నారో తెలియదు కదా, తమ్ముడు ఈసారి మర్చిపోయినా ఇబ్బంది లేకపోయింది. చెట్టు వెనక నుంచి ఆ పిల్లే వాడి మాటలు చెప్పేసింది, వాడు చేతులు తిప్పాడు. మగపిల్లాడి గొంతు అలా ఉందేమిటని ఎవరూ అడగలేదు.

మీరు ప్రయత్నిస్తానంటే రెండు మాటలు. ఫోన్ ముందే ఛార్జింగ్ పెట్టుకోండి. ప్రాంప్టర్‌ను కాల్‌లో ఉంచండి, కానీ ఊరికి వినిపిస్తుందని ముందే చెప్పండి. లేదా చెప్పకండి, అదే మంచిదేమో.

అన్నట్టు, ఒక సంగతి మరిచాను. తెలుగు భాషా దినోత్సవం జరిపినట్టు ఫొటో అప్‌లోడ్ చేయమని పైనుంచి మెసేజ్ వచ్చింది. నా దగ్గరున్నది ఒకటే ఫొటో. టేబుల్, స్టీలు గ్లాసు, ఎదురుగా మైకు. అది నా రెండో ఫోన్‌తో తీసింది. గ్లాసులో మొదటి ఫోన్ అంచు కూడా కనబడుతుంది. అదే పంపాను. 'విద్యార్థులు కనిపించడం లేదు, సరైన ఫొటో పంపండి' అని జవాబు. 2018లో తీసిన ఫొటో ఒకటి వెతికి పంపాను. షామియానా కింద మూడు వందల మంది పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ కూర్చుని ఉంటారు, ఒక్కరికీ మాస్కు లేదు. దానికి వెంటనే ఓకే అని వచ్చింది.