ముందు చూసింది రాయాలి, జబ్బు పేరు తర్వాత

అమ్మలూ,

నువ్వు పంపిన గొర్రె పోస్ట్‌మార్టం రిపోర్టు చదివాను, ఊపిరితిత్తుల దగ్గర "న్యుమోనియా" అని ఒక్క ముక్క రాసి వదిలేశావు. అది జబ్బు పేరు తల్లీ, నీ కళ్ళు చూసింది కాదు. ఏ వైపు, ఏ లోబ్ (ఊపిరితిత్తిలో విడి భాగం), ఎంత భాగం, రంగేంటి, వేలితో నొక్కితే స్పాంజిలా ఉందా కార్జంలా గట్టిగా ఉందా, కోస్తే ఏం కారింది, చిన్న ముక్క నీళ్ళలో వేస్తే తేలిందా మునిగిందా, ఇవన్నీ రాయాలి. ఎందుకంటే ముందువైపు కింది భాగాలే ఎర్రగా గట్టిపడితే శ్వాస దారిలో వచ్చిన ఇన్ఫెక్షన్ అనుకుంటాం, అదే రెండు వైపులా చిన్న గడ్డలు చల్లినట్టుంటే రక్తంలో వచ్చిందేమో అని చూస్తాం, అంటే ఎక్కడుందో రాస్తే సగం దారి దొరికినట్టే. సైజు మాత్రం నిమ్మకాయంత, శనగగింజంత అని రాయకు, స్కేలు పెట్టి సెంటీమీటర్లలో రాయి.

ఇంకోటి, చచ్చాక వచ్చిన మార్పుని జబ్బు అనుకోవద్దు. పిత్తాశయం ఆనుకున్న చోట ఆకుపచ్చ మరక, రూమెన్ (పెద్ద పొట్ట) లోపలి పొర ఊడిరావడం, పడుకున్న వైపు ఊపిరితిత్తి నల్లబడటం, ఇవి మామూలే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎండాకాలం ఒక గొర్రెపిల్లకి కిడ్నీలు మెత్తగా పేస్టులా ఉన్నాయని చిటుక రోగం (కిడ్నీలు మెత్తబడే పేగుల విషజబ్బు) అని రాసేశాను, అది చనిపోయి చాలా గంటలైంది, ఉన్ని వల్ల ఒళ్ళు వేడి తగ్గక లోపల ఊరికే మెత్తబడింది, ఆ రైతుకి తప్పు చెప్పానన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. అందుకే చనిపోయిన టైం ముందు అడుగు.

రక్తం గడ్డ కనిపిస్తే లాగి చూడు, నున్నగా మెరుస్తూ ఊడొస్తే చచ్చాక కట్టింది, గరుగ్గా రక్తనాళం గోడకి అతుక్కుని ఉంటే బతికుండగా కట్టింది.

శాంపిల్ తీసేటప్పుడు మచ్చ (జబ్బు పట్టిన చోటు) నడిమధ్య కాదు, మచ్చ, మంచి భాగం కలిసే అంచు కోయి. మందం 1 సెం.మీ. దాటొద్దు, ముక్కకి 10 రెట్లు ఫార్మలిన్ (కుళ్ళకుండా ఉంచే మందు) పొయ్యి, కల్చర్‌కి (క్రిముల్ని పెంచి చూసే పరీక్షకి) పంపేది మాత్రం ఫార్మలిన్ తగలకుండా ఐస్‌లో.

ముక్కులోంచి, వెనకనుంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారుతుంటే మాత్రం కత్తి పట్టుకోవద్దు, దొమ్మ (ఆంత్రాక్స్) అయితే కోయగానే గాలి తగిలి ఆ క్రిమి స్పోర్లు (గట్టి పెంకు గింజల్లాంటివి) తయారై ఆ నేలలో ఏళ్ళ తరబడి ఉంటాయి. చెవి రక్తనాళం నుంచి స్మియర్ (గాజు పలక మీద పల్చగా పూసిన రక్తం) తీసుకుని ఆగిపో.

రెండో గొర్రె ఫోటోలు స్కేలు పక్కన పెట్టి తీసినవి ఉంటే పంపు, ఈసారి పేరు రాయకుండా వర్ణన మాత్రం పంపు, నేను చదివి చెప్తా.

మీ పెదనాన్న