31 వారాలకి నొప్పులు, సెర్విక్స్ 32 మి.మీ.: ఫైబ్రోనెక్టిన్ టెస్టు కూడా చేయించాలా?

మీ చెల్లెలికి 31 వారాలకే నొప్పులొచ్చాయని, సెర్విక్స్ (గర్భాశయ ముఖద్వారం) పొడవు 32 మి.మీ. ఉన్నా డాక్టరు ఫైబ్రోనెక్టిన్ టెస్టు (త్వరలో కాన్పయ్యే అవకాశం ఉందో లేదో చూడ్డానికి యోనిలోంచి దూదిపుల్లతో, అంటే స్వాబ్‌తో, నమూనా తీసి చేసేది) రాశారని అడిగారు. అంత పొడవున్నా ఇంకో టెస్టు రాశారంటే, ఆ కొలత పొట్ట మీద తీసిన స్కాన్‌ది అయ్యుండొచ్చు.

1. మీ చెల్లెలి రిపోర్టులో టీవీఎస్ అని ఉందా? అంటే యోని ద్వారా తీసిన స్కాన్. అదీ యూరిన్‌కి వెళ్లొచ్చిన వెంటనే తీసుండాలి. చాలామంది వదిలేసేది ఇదే. మూత్రాశయం నిండుగా ఉంటే సెర్విక్స్ నొక్కుకుపోయి, ఉన్నదానికంటే పొడవుగా కనిపిస్తుంది. అనుమానముంటే మళ్లీ కొలిపించండి.

2. టీవీఎస్‌లోనూ 30 దాటితే వారంలో కాన్పయ్యే అవకాశం చాలా తక్కువ. రెండో టెస్టు దండగ ఖర్చే. 15, అంతకన్నా తక్కువైనా అక్కర్లేదు, అడ్మిట్ చేసి బిడ్డ ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్లు మొదలుపెడతారు. మధ్యలో ఉంటేనే ఆ డబ్బుకి ఫలితం.

3. చేయిస్తే మాత్రం స్వాబ్ ముందు, చేతి పరీక్ష, జెల్ తర్వాత. 24 గంటల్లోపు కలయిక జరిగినా, రక్తం కనిపించినా ఫలితం నమ్మలేం. నెగెటివ్ వస్తే అనవసరంగా అడ్మిట్ అవ్వడం తప్పుతుంది. పాజిటివ్ వచ్చినవాళ్లలో ఎక్కువమందికి వెంటనే కాన్పు కాదు, కంగారుపడకండి.

ఖర్చు భారమైతే విశాఖలోని ప్రభుత్వాసుపత్రులు కేజీహెచ్‌కో, ఘోషాసుపత్రికో తీసుకెళ్లండి. జేఎస్‌ఎస్‌కే (జననీ శిశు సురక్షా కార్యక్రమం) అనే కేంద్ర పథకం కింద ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణుల పరీక్షలు ఉచితం.

ఉమ్మనీరు కారినా, రక్తం పోయినా, నొప్పులు దగ్గరపడినా ఈ లెక్కలన్నీ పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.