బొట్టు తీసేయమంటావా అని అడిగిన అక్కకు

సెలవులకు అమెరికా నుంచి తిరుపతి వచ్చి రెండు వారాలైంది. సాయంత్రమైతే చాలు, బైరాగిపట్టెడలో మా ఇంటికి అమెరికా వెళ్లే పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు వస్తున్నారు. బ్యాంకు లోను, హాస్టలు, ఊరగాయ ఎన్ని కిలోలు తీసుకుపోవచ్చు, ఇలాంటివే ఎక్కువగా అడుగుతారు. మొన్న పక్కవీధి అక్క మాత్రం కూతుర్ని వెంటబెట్టుకొచ్చి, ఇచ్చిన కాఫీ పక్కన పెట్టేసి అడిగింది. "అక్కడ పాప బొట్టు పెట్టుకోవచ్చునా, తీసేయమంటావా? ఎవురన్నా ఏమన్నా అంటే కేసు పెట్టొచ్చంట కదా?"

ఆ రోజు సగమే చెప్పగలిగాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

బొట్టు పేరుతోనే ముఠా పుట్టిన రాష్ట్రంలో నేను ఇరవైనాలుగేళ్లుగా ఉంటున్నాను. 1987లో న్యూజెర్సీలోని జెర్సీ సిటీలో ‘డాట్ బస్టర్స్’ అని ఒక గుంపు బయల్దేరింది. డాట్ అంటే మన ఆడవాళ్ల నొసటి బొట్టే. భారతీయులు ఊరు వదిలిపోయేదాకా ఎంతకైనా తెగిస్తామని వాళ్లు రాసిన ఉత్తరం అక్కడి పత్రికలో అచ్చయింది. ఆ సెప్టెంబరులోనే పక్కనున్న హోబోకెన్‌లో నవ్‌రోజ్ మోదీ అనే మనవాణ్ణి కొందరు కుర్రాళ్లు కొట్టి చంపారు. ద్వేషంతో చేసే నేరాల మీద న్యూజెర్సీ 1990లో చట్టం చేసింది. ఈ రోజు అదే జెర్సీ సిటీలో మనవాళ్ల కొట్లుండే ఇండియా స్క్వేర్‌కు వెళ్తే, బొట్టు పెట్టుకున్న ఆడవాళ్లు కరివేపాకు ఏరుకుంటూ కనిపిస్తారు. అందుకని అక్కా, బొట్టు తీయించొద్దు.

ఇక కేసు సంగతి. ఇక్కడే మనవాళ్లు చాలామంది పొరబడుతున్నారు.

మా అమ్మ మొదటిసారి నా దగ్గరికి వచ్చినప్పుడు కూరగాయలకని ఒక కొట్టుకు తీసుకెళ్లాను. కంచిపట్టు కాదు, మామూలు నేత చీరే కట్టుకుంది. సామాను కారులో సర్దుతుంటే, పెద్ద బండి ఒకటి మా పక్కన ఆగింది. అద్దం దించి ఒకాయన "మీ దేశానికి పొండి" అని అరిచాడు. వెనక ఇంకో రెండు బూతులు. అమ్మ చేతిలో కొత్తిమీర కట్ట అలాగే ఉండిపోయింది. "ఏమన్నాడే ఆయన?" అంది. "దారి అడిగాడమ్మా" అన్నాను.

ఆ సాయంత్రమే పోలీసులకు ఫోన్ చేశాను. వచ్చినాయన మర్యాదగానే విన్నాడు. చెయ్యి చేసుకున్నాడా, చంపుతానన్నాడా, బండి మీదికి తెచ్చాడా, మీ వెంట ఇంటిదాకా వచ్చాడా అని అడిగాడు. అన్నిటికీ లేదనే చెప్పాను. అయితే ఇది నేరం కిందికి రాదమ్మా అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మన దగ్గరైతే మతం, కులం, ప్రాంతం పేరుతో శత్రుత్వం రెచ్చగొడితే భారతీయ న్యాయ సంహిత 196, మత విశ్వాసాలను కావాలని కించపరిస్తే 299 ఉన్నాయి కదా, పాత ఐపీసీలోని 153ఎ, 295ఎ సెక్షన్ల బదులు వచ్చినవి. అంత పెద్ద దేశంలో ఇంతపాటి చట్టం లేదా అనుకున్నాను.

లేదు. అది మరచిపోయి జరగలేదు, తెలిసే వదిలేశారు. అమెరికా రాజ్యాంగం మొదటి సవరణ, మాట్లాడే స్వేచ్ఛకు అడ్డుపడకుండా 1791 నుంచి ప్రభుత్వం చేతులు కట్టేసింది. 1990లో సెయింట్ పాల్ నగరంలో ఒక నల్లజాతి కుటుంబం పెరట్లో కుర్రాళ్లు శిలువ తగలబెట్టారు. అక్కడ అది ప్రాణాల మీదికి తెచ్చే బెదిరింపు గుర్తు. అయినా వాళ్ల మీద ప్రయోగించిన నగర ద్వేష నిషేధ చట్టాన్ని 1992లో సుప్రీంకోర్టు కొట్టేసింది. నిప్పు పెట్టినందుకో, బెదిరించినందుకో శిక్షించండి, కొన్ని అభిప్రాయాలను మాత్రం ఏరి నిషేధించకండి అంది. మరుసటి ఏడే విస్కాన్సిన్ కేసు వచ్చింది. జాతి చూసి ఒక పిల్లవాణ్ణి ఎంచుకుని కొట్టించినవాడికి రెండేళ్లతో పోయే శిక్ష నాలుగేళ్లయింది. దాన్ని అదే కోర్టు ఏకగ్రీవంగా సరేనంది. అక్కడ దెబ్బ తిన్నది తెల్ల పిల్లవాడు. చట్టం అందరికీ ఒకటే.

మాటకు శిక్ష లేదు గానీ, దెబ్బ వెనక ఉన్న మాటకు ఉంది. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఒలేథాలో మన కూచిభొట్ల శ్రీనివాస్‌ను కాల్చినవాడు అన్నదీ మా అమ్మ విన్న మాటే, నా దేశం నుంచి పొండి అని. అరిచి పోయుంటే వాడి మీద ఏ కేసూ నిలిచేది కాదు. తుపాకీ పేల్చాడు గనక, ఆ మాటే వాడి ఉద్దేశానికి సాక్ష్యమైంది. రాష్ట్ర కోర్టులో హత్యకు జీవితఖైదు పడింది, 2018లోనే ఫెడరల్ (కేంద్ర) కోర్టులో హేట్ క్రైమ్, అంటే ద్వేష నేరం కింద మళ్లీ జీవితఖైదు పడింది.

ఇది న్యాయమేనా అని పాప అడిగింది. డాట్ బస్టర్స్ ఉత్తరం వచ్చిన కొన్ని వారాలకే ఒక ప్రాణం పోయింది కాబట్టి, మాట దగ్గరే ఆపాలనేవాళ్ల బాధ నాకు తెలుసు. బ్రిటన్‌లో 1986 చట్టం కింద జాతి ద్వేషం రెచ్చగొట్టడమే నేరం. కెనడాలో, జర్మనీలో కూడా ఇలాంటి చట్టాలున్నాయి, కాబట్టి లండన్‌కో టొరంటోకో వెళ్లే పిల్లలకు లెక్క వేరు. అయినా నేను అమెరికా పద్ధతివైపే ఉన్నాను. ఏది ద్వేషమో తేల్చే అధికారం ఇచ్చాక, ఆ కుర్చీలో రేపు ఎవరు కూర్చుంటారో తెలియదు. అక్కడ మనం తక్కువమందిమి. ముందు మూతపడేది మన నోరే అవుతుందని నా భయం.

కాబట్టి పాపా, ఎవరన్నా తిడితే జవాబివ్వకుండా జనం ఉన్నచోటికి నడు. చంపుతాననడం, వెంటపడటం, చెయ్యి వేయడం, ఏది జరిగినా అక్కడి అత్యవసర నంబరు 911కు ఫోన్ చెయ్యి. వాడు అన్న మాట అక్షరం పోకుండా, బూతుతో సహా, ఆ పది నిమిషాల్లోనే ఫోన్‌లో రాసుకో. సిగ్గుపడి "ఏదో అన్నాడు" అంటే సాక్ష్యం పోయినట్టే. యూనివర్సిటీలోనూ ఫిర్యాదు చెయ్యి. పోలీసులు పట్టించుకోలేదనిపిస్తే అక్కడి కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐకి నువ్వే చెప్పొచ్చు.

ఇంకో మాట, ఇది గట్టిగా చెబుతున్నాను. ఆ మాట్లాడే స్వేచ్ఛ ప్రభుత్వం శిక్షించకుండా కాపాడుతుందే గానీ, ఉద్యోగం పోకుండా కాపాడదు. కులం పేరుతో, మతం పేరుతో, నల్లవాళ్ల గురించి మన వాట్సాప్ గ్రూపుల్లో రాసుకునేవి కంపెనీ దాకా వెళ్తే మన తరఫున ఏ రాజ్యాంగమూ నిలబడదు. అట్లాంటివి రాయడమే తప్పు, అది వేరే. పైగా వీసా ఉంది. 2025 జూన్ నుంచి స్టూడెంట్ వీసాలకు సోషల్ మీడియా ఖాతాలు పబ్లిక్‌గా పెట్టమంటున్నారు, డిసెంబరు నుంచి హెచ్‌వన్‌బీ వాళ్లకూ అదే. మన పాస్‌పోర్టు మీద ఉన్నంతకాలం నోటికి ఎంత ధైర్యం ఉన్నా వేలికి జాగ్రత్త ఉండాలి.

లేస్తూ పాప గుమ్మం దగ్గర ఆగి, అక్కడేదన్నా జరిగితే అమ్మకు చెప్పాలా వద్దా అని మెల్లగా అడిగింది. ఆ రోజే చెప్పు తల్లీ. మా అమ్మ ఆ తర్వాత ఉన్న నాలుగు నెలలూ మోకాళ్ల నొప్పి అంటూ కొట్టుకు రానేలేదు. ఇక్కడికొచ్చాక మా చెల్లెలితో అందంట, "దారి అడిగేవాడు అట్లా అరుస్తాడామ్మా" అని.